అత్త కుట్టిన పట్టు సంచి

తిరువళ్ళూరు స్టేషన్ వెనక వీధిలో మా ఇల్లు. ఆ వారమంతా మా ఇంట్లో ఒకటే వాదన. టెంటులో పడుకోవడానికి పోతే స్లీపింగ్ బ్యాగు లోపల లైనర్ వేసుకోవాలా, అక్కరలేదా అని.

లైనర్ అంటే పెద్ద వస్తువేమీ కాదు. దిండుకు గలీబు ఎట్లాగో స్లీపింగ్ బ్యాగుకు అది అట్లాగ. పలచటి గుడ్డ సంచి. ముందు అందులో దూరి, మెడ దగ్గర నాడా కట్టుకొని, ఆ పైన బ్యాగులో దూరాలి. నేను బట్టల ఎక్స్‌పోర్టు కంపెనీలో కుట్లు సరిచూసే పని చేస్తాను. అద్దెకిచ్చే గుడ్డ ఎన్ని ఒళ్ళు చూసి ఉంటుందో నాకొకరు చెప్పనక్కరలేదు. లైనర్ లేకుండా నేను రానని తేల్చి చెప్పాను.

"తిరుత్తణి పక్కన మామిడితోపుకు పోతా ఉండాము. హిమాలయాలకు కాదు. లైనర్ ఎందుకే?" అన్నాడు మా ఆయన మురళి. మురళి నాకు సొంత మేనత్త కొడుకు. పెళ్ళయినా నేను బావా అనే పిలుస్తాను, జ్యోతికనైన నన్ను ఆయన జ్యోతీ అనే పిలుస్తాడు.

వాదన తీర్చింది మా అత్త కుప్పమ్మ. "ఎవురెవురో పండుకోని లేసిన సంచి అది. లేసినోళ్ళయితే సరి. లేయనోళ్ళు పండుకోనుంటే?" అంటూ బీరువా తెరిచి తన పెళ్ళి పట్టుచీర తీసింది. జరీ నలిగిపోయింది గానీ పట్టు ఇంకా గట్టిగా ఉంది. "పట్టుకు మైల అంటదు పాపా. సావింటికి గూడా మా అమ్మ పట్టు కట్టుకోనే పోతాండె. ఇట్నించి అట్ల పోదు, అట్నించి ఇట్ల రాదు."

ఒక చీరకు ఒక సంచే వచ్చింది. అది కొడుక్కట. నాకేమో పాత నూలు చీర చించి ఇంకొకటి కుట్టింది. "కొడుక్కు పట్టు, కోడలికి నూలు. మేనకోడలన్న మర్యాద గూడా లేదే అత్తా నీకు," అని ఎగతాళి చేశాను.

ఆమె నవ్వలేదు. దారం కొరికి, "నాకుండేది ఒక్కడే. ఎట్ల పిలుచుకోని పోతావో అట్లే పిలుచుకోని రా," అంది.

నాకు మాత్రం ఎంతమంది ఉన్నారు? పెళ్ళయి రెండేళ్ళు నిండలేదు. ఆయన పొద్దున్నే పనికని అంబత్తూరు రైలెక్కితే మళ్ళీ రాత్రికే ఇంటికి. ఉన్నవి రెండు గదులు, ఒకదాంట్లో అత్త. మేమిద్దరమే ఎక్కడికైనా పోవడం అదే మొదటిసారి. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో ఆయనకు కూడా సరిగ్గా తెలియదు. చెప్పడానికి చోటేది మా ఇంట్లో?

తిరుత్తణిలో బస్సు దిగి, పళ్ళిపట్టు రోడ్డులో షేర్ ఆటో పట్టుకొని తోపు చేరేసరికి పొద్దు వాలింది. తోపు వెనకాలే కొండ. క్యాంపు నడిపే సుందరరాజ్ ఒక్కడే ఉన్నాడు. వారం మధ్య కావడంతో మేము తప్ప ఇంకెవరూ రాలేదు. మాకు రెండు బ్యాగులు ఇచ్చాడు, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. మా చేతిలో లైనర్లు చూసి, "మంచి పని చేసినారక్కా," అన్నాడు. ఎందుకు మంచిదో చెప్పలేదు. దోసెలు పోసిపెట్టి, గేటు దగ్గరున్న తన గదికి వెళ్ళిపోయాడు.

మార్గళి నెల, అంటే ధనుర్మాసం. చీకటి పడగానే మంచు దిగింది. దూరాన ఊళ్ళో మరమగ్గాల చప్పుడు కాసేపు వినబడి, కరెంటు పోయినట్టుంది, ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ తర్వాత మామిడాకుల మీది నుంచి నీటి బొట్లు టెంటు మీద పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. టెంటులో తడి మట్టి వాసన. నా వంతుకు వచ్చిన ఎర్ర బ్యాగు జిప్పు లాగితే లోపలినుంచి సాంబ్రాణి వాసన కొట్టింది. మూసిపెట్టిన గుడ్డకు పొగ వేసి ఉంటారులే అనుకున్నాను.

మురళి పట్టు సంచిలో దూరి రెండుసార్లు దొర్లాడు. "అంతా జారిపోతా ఉంది. చేపమాదిరి ఉండాను. ఇది నువ్వే తీసుకో," అని నా నూలు సంచి లాక్కున్నాడు. అత్త మీద గెలిచినట్టు సంబరపడి పట్టు నేను తీసుకున్నాను. చాలాసేపు ఏవేవో మాట్లాడుకున్నాము. మధ్యలో ఆయన నిద్రపోయాడు. సన్నగా గురక. దాన్ని వింటూ నేనూ కళ్ళు మూసుకున్నాను.

మెలకువ వచ్చింది.

ఎందుకు వచ్చిందో ముందు తెలియలేదు. చలి లేదు. చప్పుడు లేదు. పక్కన మురళి గురక అట్లాగే ఉంది. ఒత్తిగిలబోయాను... కుదరలేదు.

బ్యాగు ఇరుకైపోయింది.

పడుకున్నప్పుడు మోకాళ్ళు ముడుచుకునేంత వదులుగా ఉన్న బ్యాగు. ఇప్పుడు నా వీపు వెంబడి, భుజం మొదలు మడమ దాకా, ఏదో ఆనుకొని ఉంది. బ్యాగుకూ పట్టుకూ మధ్య. చల్లగా... మెత్తగా... పొడుగ్గా.

గుడ్డ ముడుచుకుపోయిందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. అప్పుడు అది కదిలింది.

పట్టు సర్రుమంది. ఒక అరచెయ్యి నా భుజం మీద ఆగింది. వేళ్ళు విడివిడిగా తెలుస్తున్నాయి. ఒత్తలేదు, గిల్లలేదు. తడుముతోంది. చీకట్లో తలుపు గడియ కోసం వెతికే మనిషి ఎట్లా తడుముతాడో అట్లా. నడుము దాకా పోయింది. మళ్ళీ పైకి వచ్చింది. మెడ దగ్గర నాడా ముడి దాకా వచ్చి... అక్కడ ఆగింది.

ఊపిరి బిగబట్టాను.

ముడి మీద వేళ్ళు కాసేపు అట్లాగే ఉన్నాయి. తర్వాత మెల్లగా వెనక్కి పోయాయి. వీపు మీది బరువు తగ్గింది. బ్యాగు వదులైంది.

మురళి గురక ఆగిపోయింది.

"బావా..." గొంతులోనే పిలిచాను.

"ఊ," అన్నాడు.

ఆ వెంటనే, అదే గొంతుతో, అదే చోటినుంచి ఇంకో "ఊ".

మెడ దగ్గరి సందులోంచి చెయ్యి బయటపెట్టి, ఫోను తడుముకొని లైటు వేశాను. ఆయన బ్యాగు జిప్పు చిట్లిపోయేంత ఉబ్బి ఉంది. పైన ముఖం ఒక్కటే కనబడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాడు.

"జ్యోతీ... ఇరుకుగా ఉందే," అన్నాడు. గుసగుసగా. "ఎవురో తోస్తా ఉండారు."

నూలు గుడ్డ. అట్నుంచి ఇట్ల వచ్చేసింది. నాకు అదొక్కటే తట్టింది. నా నాడా ముడి విప్పుకొని, పట్టు సంచి ఒంటి మీదినుంచి ఒలిచేశాను. ఆయన బ్యాగు జిప్పు లాగి, కాళ్ళకు చుట్టుకున్న నూలు సంచి చించి పారేసి, పట్టు సంచి ఆయన పాదాలకు తొడిగి పైకి లాగాను. మోకాళ్ళు... నడుము... భుజాలు. మెడ దగ్గర గట్టిగా ముడి వేశాను. పట్టు లోపల ఏదో కాసేపు కొట్టుకుంది. రెండు చేతులా ఆయన్ను వాటేసుకొని మురుగా, మురుగా అని గొణుక్కుంటూ ఉండిపోయాను. కొట్టుకోవడం మెల్లగా తగ్గింది. ఊపిరి ఒక్కటే వినబడింది. ఒక్కటే. గెలిచాననుకొని ఏడ్చేశాను.

అత్త రెండు మాటలు చెప్పింది. ఆ భయంలో నాకు అట్నించి ఇట్ల రాదన్నది ఒకటే గుర్తొచ్చింది. ఆయన ఒక్కడే లోపల ఉన్నాడా అని నేను చూసుకోలేదు.

తెల్లవారాక, "ముడి విప్పు," అన్నాడు నిమ్మళంగా. విప్పాను. హాయిగా నిద్రపోయి లేచిన మనిషిలాగా బయటికి వచ్చాడు. రాత్రి సంగతి ఏదీ గుర్తు లేదన్నాడు.

బ్యాగులు తీసుకోవడానికి వచ్చిన సుందరరాజ్ ఎర్రదాన్ని చూసి ముఖం మాడ్చుకున్నాడు. "ఇది మీకు వచ్చిందా? పక్కన పెట్టమని చెప్పింటిని," అన్నాడు, అక్కడ చెప్పడానికి ఇంకో మనిషి ఉన్నట్టు. గట్టిగా అడిగితే నేల చూస్తూ చెప్పాడు. "పోయిన మార్గళిలో ఒకాయన దీంట్లో పండుకున్నోడు లేయలేదక్కా. గుండె నిలిచిపోయిందన్నారు. మంచాయనే. బాగా ఉతికించినాను, సాంబ్రాణి వేసినాను."

తిట్టడానికి కూడా నాకు ఓపిక లేదు. నా మనిషి నాకు దక్కాడు, అంతే చాలనుకున్నాను. తిరుత్తణిలో దిగి, మెట్లెక్కి మురుగన్ను చూసి పోదామన్నాను. "నువ్వు పోయిరా. నేను కింద ఉంటాను," అన్నాడు. అలసిపోయాడనుకున్నాను.

ఇంటికి వచ్చాక అత్త కొడుకును పైనుంచి కిందికి చూసుకొని తృప్తిపడింది. నిజంగానే ఆయనలో వంక పెట్టడానికేమీ లేదు. పెట్టింది తింటాడు, పని చెబితే చేస్తాడు, విసుక్కోడు. రాత్రి వెల్లకిలా పడుకుంటే తెల్లవారేదాకా కదలడు. గురక లేదు. నేను కొంచెం పక్కకు జరిగి పడుకోవడం మొదలుపెట్టాను, ఎందుకో నాకే తెలియకుండా.

పట్టు సంచి జోలికి మాత్రం రాడు. అది ఉన్న గదిలో కూర్చోడు. "దాన్ని కాల్చెయ్," అన్నాడు ఒకరోజు. మళ్ళీ రెండు రోజులకు అదే మాట. అత్త ఒప్పుకోలేదు. "నా పెళ్ళి చీర కాల్చేదేంది? కుట్లు విప్పి ఇయ్యి పాపా, మడిచి పెట్టుకుంటాను."

నిన్న ఆదివారం. అత్త సంతకు పోయింది. పెరట్లో పొయ్యి మీద నీళ్ళు కాగితే మురళి బకెట్లో తోడుకున్నాడు. పొయ్యిలో మంట ఇంకా ఉంది. "ఆమె వచ్చేలోపల దాన్ని దీంట్లో వేసెయ్," అని చెప్పి స్నానాల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

కాల్చనూ మనసు రాలేదు, కాదననూ ధైర్యం చాలలేదు. కుట్లన్నా విప్పుదామని కత్తెర తీసుకొని మెట్టు మీద కూర్చున్నాను. కుట్టు కనబడాలంటే సంచిని తిరగేయాలి. మూల పట్టుకోవడానికి లోపలికి చెయ్యి పెట్టాను, మోచేతి దాకా.

లోపల వెచ్చగా ఉంది.

ఒక చెయ్యి నా చెయ్యిని అందుకుంది.

కేక రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. ఆ చెయ్యి నా మణికట్టు పట్టుకోలేదు. వెతుక్కుంటూ వచ్చి నా చిటికెన వేలు ఒక్కటే పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో బస్సులో, పక్కన అత్త కూర్చొని ఉండగా, ఎవరికీ కనబడకుండా ఆయన అట్లాగే పట్టుకునేవాడు. మెల్లగా రెండుసార్లు నొక్కేవాడు.

రెండుసార్లు నొక్కింది.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. గడియ తీసిన శబ్దం. తలుపు తెరుచుకోలేదు. దాని వెనకనుంచి నిమ్మళంగా మాట వచ్చింది.

"జ్యోతికా, కాల్చేసినావా దాన్ని?"

సంచిలో వేళ్ళు నా వేలి చుట్టూ బిగుసుకున్నాయి. నేను కూడా గట్టిగా పట్టుకున్నాను.

చెయ్యి బయటికి తీయకుండానే, "కాల్చేసినాను," అన్నాను.