ఏడో నెల గోలీలు

కొమురవ్వ ఆ పొద్దున కూడా వాకిలి ఊడ్చి, చాయ్ కాచి, కోడలి చాయ్ మాత్రం వేరే గ్లాసులో పోసింది. చేతికివ్వకుండా గడప మీద పెట్టి వెనక్కి జరిగింది. దీపకు ఏడో నెల. వారం కింద జగిత్యాల దవాఖానాలో చేసిన రక్తపరీక్షలో ఆమెకు హెపటైటిస్ బి ఉందని తేలింది. అప్పటినుంచి కోరుట్లలోని ఆ ఇంట్లో ఆమె పళ్లెం వేరు, చాప వేరు, చివరికి బట్టలు ఉతికే బండ కూడా వేరు.

దీప చాయ్ తాగి డాక్టరమ్మ రాసిచ్చిన గోలీ వేసుకుంది. కడుపులో తిప్పినట్టయింది. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"మింగు, మింగు," అంది కొమురవ్వ, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ. "ఏడికెల్లి తెచ్చినవో గా రోగాన్ని. మా ఇంట్ల ఎవ్వరికీ లేకపాయె."

"పెండ్లికి ముందు నాకూ ఏం లేకుండె, అత్తమ్మా."

"లేకుండెనని ఎవరు చూసిండ్రే? గా గోలీలు కడుపుల పిల్లను ఏం జేస్తయో ఏమో! కథలాపూర్ పోయి మీ అవ్వగారింట్ల కాన్పు చేసుకో. నా కొడుకునన్న బతుకనియ్యి."

దీప భర్త కుమార్ వాకిట్లో ఆటో అద్దం తుడుస్తున్నాడు. దీప అతని వైపు చూసింది. "నువ్వన్న ఒక మాట చెప్పరాదు?"

"అవ్వ మాటలు పట్టించుకోకు," అన్నాడు తల ఎత్తకుండా. ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో అందరికీ పరీక్ష చేయాలని డాక్టర్ వైష్ణవి కబురు పెట్టింది. కుమార్ రెండుసార్లు కిరాయి ఉందని తప్పించుకున్నాడు. కొమురవ్వే పట్టుబట్టింది. "నడువుండ్రి. ఎవరి నెత్తురు ఎసొంటిదో తేలిపోతది," అని భర్త రాజమల్లును తాటివనం నుంచి పిలిపించి మరీ అందరినీ బయల్దేరదీసింది.

నాలుగు రోజులకు దవాఖానాలో కాగితాలు చేతికొచ్చాయి. రాజమల్లుకు ఏమీ లేదు. కుమార్‌కు ఉంది. కొమురవ్వకూ ఉంది.

"నాకా?" అంది కొమురవ్వ. "నాకెప్పుడూ జరమన్న రాలేదమ్మా!"

"ఇది ఏండ్లకేండ్లు చప్పుడు చేయకుంట లివర్‌ల ఉంటది, అవ్వా," అంది డాక్టర్ వైష్ణవి. "చానామందికి పుట్టేటప్పుడే తల్లి నుంచి వస్తది. తల్లికి కూడా తెల్వదు. మీ కుమార్‌కు గట్లనే వచ్చి ఉండొచ్చు. కలిసి తింటె, ఒక్క గ్లాసుల తాగితె రాదు. నెత్తుటితోని, ఆలుమగల సంసారంతోని వస్తది."

"మరి గీ గోలీలతోని పోతదా?"

"పోదు. ఆ పురుగు లివర్‌ల చేరి తనలాంటివే లక్షలు పుట్టిస్తది. గోలీ ఆ పుట్టుడును ఆపుతది, అంతే. అందుకే రోజూ వేసుకోవాలె. మనంతట మనమే బంద్ జేస్తె ఒక్కసారిగ తిరగబడుతది. గోలీతోని కొందరికి కడుపుల తిప్పి ఓకారం వస్తది. కిడ్నీలు, కాళ్లచేతుల బొక్కలు మంచిగున్నయా లేవా అని నడుమ నడుమ చూస్తం. దీపకు రక్తంల పురుగు ఎక్కువున్నది. ఇప్పుడు తగ్గించి, పుట్టంగనే బిడ్డకు సూదులు వేస్తె చానావరకు సోకదు." ఆమె కుమార్ వైపు తిరిగింది. "నువ్వు ఇదివరకు ఎప్పుడన్న టెస్టు చేయించుకున్నవా?"

కుమార్ చేతిలోని కాగితాన్ని మడతపెట్టాడు. దీప అతన్నే చూస్తోంది.

"నిన్నే అడుగుతున్నరు."

"దుబాయ్ కొలువుకు చేసిన మెడికల్‌ల... ఇదే ఉన్నదని అన్‌ఫిట్ అన్నరు," అన్నాడు. "నాలుగేండ్ల కింద."

వాళ్ల పెళ్లయి రెండేళ్లు.

"అప్పుడు గోలీలిచ్చిండ్రు. కడుపుల తిప్పుడు మొదలైంది. రెండు నెలలకు బంద్ జేసిన. ఎవరికన్న తెలిస్తె పిల్లనియ్యరని..."

"ముందుగాల ఒక్క మాట చెప్తె నేను టీకా వేయించుకుందు," అంది దీప. గొంతు పెంచలేదు. "సరే, అప్పుడు చెప్పలే. ఇన్ని రోజులసంది మీ అవ్వ నన్ను తిడుతుంటె, పక్కన నిలవడి ఎట్ల ఇన్నవ్?"

కొమురవ్వ కొడుకు చెంప మీద ఒక్కటి కొట్టింది. ఆ కొట్టిన చేతితోనే నోరు మూసుకుని అక్కడే నేల మీద కూలబడింది.

దీపకు ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గంటలోపే నర్సు పాపకు రెండు తొడలకూ రెండు సూదులు వేసింది. కొమురవ్వ మంచానికి దూరంగా నిలబడి పాపను చూసింది కానీ ఎత్తుకోలేదు. దీపే పాపను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది.

"నేనే గదనే వానికిచ్చిన," అని ఏడ్చింది కొమురవ్వ. "వాడు నీకిచ్చిండు. పాపమంత నాదే, బిడ్డా. నిన్ను కుక్క లెక్క చూసిన."

"చూసినవ్, అత్తమ్మా. అది నేను మర్వ," అంది దీప. "కాని రోగం నువ్వు తెల్వక ఇచ్చినవ్. ఆయన తెలిసి ఇచ్చిండు."

మందుల సంచితో తలుపు దాకా వచ్చిన కుమార్ ఆ మాట విన్నాడు. లోపలికి రాలేకపోయాడు.

తర్వాత అతను గోలీలు మానలేదు. తల్లికి కూడా తనే గుర్తు చేసి వేయించాడు. పాపకు తొమ్మిది నెలలు దాటాక దవాఖానాలో మళ్లీ నెత్తురు తీశారు. పాపకు రోగం లేదు. ఆ కాగితం పట్టుకుని కుమార్ దవాఖానా మెట్ల మీద వెక్కి వెక్కి ఏడ్చాడు. కొమురవ్వ పక్కన కూర్చుని వీపు నిమిరింది. దీప కూడా ఏడ్చింది. పాపను గుండెకు హత్తుకుని, నాలుగు మెట్ల కింద, వాళ్లకు వీపు తిప్పి నిలబడి ఏడ్చింది.