మూడో మెషిన్ చల్లబడింది

"వంజరం తాజాదేనా?"

"ఐసులో పెట్టాం."

కోడ్ సరిపోయింది. ఫోన్లో చీఫ్ పోలిరాజు గొంతు తగ్గించాడు. "విదేశీ ముఠా ఓ సేపల బోట్లో ఆర్డీఎక్స్ కూరింది. పదకొండున్నరకి హార్బర్లో గ్యాస్ ట్యాంకర్ని గుద్దేస్తాది. బోటు నంబరేటో తెల్దు. పట్టుకో."

2007. రుషికొండ కంట్రోల్ రూమ్‌లో ఏసీ మెకానిక్ ఖాకీలు తొడుక్కున్న ఏజెంట్ జ్ఞానశేఖర్ వాచీ చూసుకున్నాడు. పదీ యాభై. ట్యాంకర్ పేలితే సగం ఊరు ఉండదు.

అయినా అతనికి ధీమాగానే ఉంది. రాడార్, వైర్‌లెస్, తీరం కెమెరాల నుంచి ఆగకుండా వచ్చిపడే కబుర్లని నాలుగు కంప్యూటర్ మెషిన్లు పంచుకుని ఒకేసారి చూస్తున్నాయి. ఒక బోటు కబుర్లన్నీ, దాని నంబరు చూసి, ఒకే మెషిన్‌కి చేరతాయి. మూడు అనుమానాలు కలిస్తే సైరన్. ఈ సంగతులన్నీ అతనికి నేర్పింది ఆ సిస్టమ్ కట్టిన నిఖితే. నడిచొస్తుంటే ఆఫీసంతా తలెత్తి చూసే నిఖిత, వచ్చే నెలలో అతని భార్య.

"బావా, సూసేవా?" అసలు మెకానిక్ అబ్బులు మురిసిపోతూ అన్నాడు. "మూడో మెషినుకి రోజూ ఒళ్లు కాలిపోయీది. ఇయ్యాల నాలుగూ ఒకేలాగ సల్లగున్నాయి. మన ఏసీ మహిమ!"

జ్ఞానశేఖర్ ఉలిక్కిపడ్డాడు. ఓడల్ని లాగే టగ్ పొద్దస్తమానం తిరుగుతుంది. దాని కబుర్లన్నీ మూడో మెషిన్‌కే వెళ్లాలి, అది వేడెక్కి తీరాలి. నాలుగూ ఒకేలా ఉన్నాయంటే, ఎవరో బోటు నంబరు చూడటం మాన్పించి కబుర్లని వంతులవారీగా పంచుతున్నారు. ఒక బోటు మీది మూడు అనుమానాలు మూడు మెషిన్ల మీద పడితే, ప్రతిదీ 'ఒకటే కదా' అని ఊరుకుంటుంది.

సెట్టింగ్స్ తెరిచాడు. నిన్న సాయంత్రం మార్చారు. పాస్‌వర్డ్ నిఖితది.

నిన్న సాయంత్రం బీచ్‌లో ఆమె ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని "ఒక్క నిమిషం, చిన్న పని" అంటే, మురీ మిక్చర్ పొట్లం తనే పట్టుకున్నాడు, ఆమె చేతులు ఖాళీగా ఉండాలని.

వీపుకి పిస్టల్ తగిలింది. "చెయ్యి తియ్యి, శేఖర్."

"ఎప్పట్నుంచి, నిఖితా?"

"నిన్ను కలవకముందు నుంచీ."

అంటే ప్రేమ కూడా మిషన్‌లో భాగమే. అతనికి కళ్లు మండాయి. ఏడవడానికి టైం లేదు.

"ఓలమ్మో!" అబ్బులు చేతిలోని ఏసీ గ్యాస్ సిలిండర్ మూత తిప్పేశాడు. మంచులాంటి పొగ ఆమె చేతికి కొట్టింది, పిస్టల్ జారిపడింది. అబ్బులు దాన్ని కాలితో తొక్కిపట్టాడు. జ్ఞానశేఖర్ బోటు నంబరు చూసే పద్ధతి మళ్లీ పెట్టి, పొద్దున్నుంచీ వచ్చిన కబుర్లన్నీ మొదటి నుంచి మెషిన్లలోకి తోశాడు. అవి నడుస్తుండగానే పదకొండూ ఇరవై ఏడైంది. మూడో మెషిన్ ఫ్యాన్ హోరెత్తింది. రెండో దాంట్లో ఒక బోటు మీద ఒకటి, రెండు, మూడు. సైరన్!

ట్యాంకర్‌కి వంద గజాల దూరంలో, ఒక్క నిమిషం ఉందనగా, నేవీ లాంచీ బోటుని ఆపింది.

చీఫ్ పోలిరాజు వచ్చి బేడీలు వేశాడు. నిఖిత జ్ఞానశేఖర్ వైపు తిరిగింది. "నిన్ను మాత్రం నిజంగానే ప్రేమించాను."

పోలిరాజు మొహం పాలిపోయింది. "నాకూ అదే సెప్పిందయ్యా. మంగళవారాలు కలిసీది."

జ్ఞానశేఖర్‌వి శనివారాలు. మిగతా రోజుల సంగతి ఇద్దరూ అడగలేదు.