వంగమడిలో అమ్మణ్ణి

చలికాలం కూరగాయల పనికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముగ్గురినీ మేస్త్రీ ముసలయ్య భుయ్యాడీహ్ బస్తీ దాటాక, సువర్ణరేఖ ఏటి ఒడ్డున మోటారు షెడ్డులో దింపాడు. దేవి, మొగుడు గౌరీశంకర్, అక్క అమ్మణ్ణి. పురుగుమందు డబ్బాలు కూడా ఆ షెడ్డులోనే, వాళ్ల బియ్యం మూట పక్కనే ఉండేవి.

గౌరీశంకర్ వట్టి చేతులతో మందు కలిపేవాడు. అమ్మణ్ణి కొట్టేది. భుజాలకి తగిలించుకున్న ట్యాంకు కారి ఆమె వీపు ఎప్పుడూ తడిగానే ఉండేది. మూతికి చీర కొంగే అడ్డం. ఒక మధ్యాహ్నం నోట నురగతో వంగ సాలులో పడిపోయింది. నీళ్లు, నీళ్లు అని గొణిగింది. పట్టకూడదంటూ ముసలయ్య దేవి చేతిలోని చెంబు లాగేశాడు. బండి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇదివరకటి కూలీలకి చెప్పినట్టే గుండెజబ్బని చెప్పి ఏటి ఒడ్డునే కాల్పించాడు. మర్నాడు అదే ట్యాంకు కడిగి దేవి వీపుకెత్తాడు.

ఆ సాయంత్రం పొగమంచు తొందరగా దిగింది. వెల్లుల్లి కుళ్లినట్టు మందు వాసన. దేవి సాలు మొదట్లో నిలబడి ఇంకా లివరు మీద చెయ్యి వెయ్యలేదు. పక్క సాలులో ఎవరో లివరు కొడుతున్నారు. కిర్రు... టప్. కిర్రు... టప్. మొగుడేమో అనుకుంది. పిలిచింది. లివరు ఆగలేదు.

ఊరి వైపు కార్ఖానాలో కరిగిన ఇనప చిట్టెం పారబోసినట్టున్నారు, ఆకాశం ఒక్కసారి ఎర్రబడింది. ఆ వెలుగులో వంగిన వీపు కనిపించింది. తడి జాకెట్టు. తల ఇటు తిరగలేదు.

"సెల్లీ... కూసిన్ని నీళ్లున్నాయేటి?"

అక్క గొంతే. దేవి నడుముకున్న సీసా తీసి చెయ్యి చాచింది. ఎందుకు చాచిందో ఆమెకే తెలియదు. మంచులోంచి వేళ్లు వచ్చాయి... సీసా అందుకున్నాయి. గుటక వినిపించింది. ఇంకో గుటక. తాగిన నీళ్లు తాగినట్టే తెల్లగా, నురగగా గడ్డం మీంచి కారుతున్నాయి...

ట్యాంకు అక్కడే పడేసి పరుగెత్తింది.

షెడ్డులో గౌరీశంకర్ గోడకి జారగిలబడి ఉన్నాడు. దేవి అంతా చెప్పి, వెళ్లిపోదాం పదమంది. అతను గుసగుసగా అన్నాడు.

"ఎల్లిపోదామంటే ఎలాగే... పొద్దుట్నుంచీ నాకు కళ్లు ఆనట్లేదు."

దేవి అతని చెయ్యి పట్టుకుంది. అతని నోటి కొసన చొంగ.

తెల్లారి ముసలయ్య వచ్చాడు. వంగమడి ఏటి దాకా తడిసి ఉంది, ఆకాకుకీ తెల్లటి చుక్కలు. సాలు మొదట్లో దేవి పడేసిన ట్యాంకు మాత్రం నిండుగానే ఉంది. అతను దాన్ని చూడలేదు. మందు కొట్టే కామ్ బాగా అయ్యిందని మెచ్చుకున్నాడు. గౌరీశంకర్‌ని ఆస్పత్రికి తీసుకెళ్లమని దేవి కాళ్లు పట్టుకుంటే, పని కానీ, సాయంత్రం చూద్దాం అన్నాడు.

అంటూనే ఆగి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కనున్న గోబీ పువ్వుల మడి వైపు చూశాడు.

"వీపున ట్యాంకులతో అంతమందిని ఎవరు పిలిచారు? మీ ఊరోళ్లేనా?"

దేవి చూసింది. అక్కడ మనిషన్నవాడు లేడు. పువ్వుల మీద ఆకులు మాత్రం ఒక్కొక్కటే తడుస్తూ... షెడ్డు వైపే వస్తున్నాయి.