లెన్సులు మానేసిన పద్నాలుగు రోజులు

బహ్రెయిన్‌లోని సనాబిస్ బజారులో, పట్టపగలు, కట్టుకున్నవాడు ఎదురుగా చెయ్యెత్తి నవ్వుతుంటే పక్కనుంచి దాటి వెళ్ళిపోయింది మధులిక!

“మా ఆఫీసువాళ్ళ ముందు నా పరువు తీశావు! నీకంత కానివాణ్ణయిపోయానా?” ఇంటికొచ్చి జస్వంత్ అడిగిన ఆ మాటకు ఆమె గుండె చెరువైపోయింది. కనబడలేదని చెప్పాలంటే తొమ్మిదేళ్ళ అబద్ధం బయటపెట్టాలి... కళ్ళజోడు పిల్ల వద్దన్నారని పెళ్ళిచూపులనాడు అమ్మ ఆమె జోడు దాచేసింది. అప్పట్నుంచీ స్నానాలగదిలో గడియ పెట్టుకుని లెన్సులు పెట్టుకోవడమే! లేజర్ చేయించుకుంటే ఆ అబద్ధం నిజమైపోతుందన్న ఆశతో ఉమ్మ్ అల్ హస్సామ్‌లో కంటి డాక్టరు దగ్గరికి రహస్యంగా వెళితే, “పద్నాలుగు రోజులు లెన్సులు మానేసి రండి, అప్పుడే పరీక్షలు” అన్నారు.

బజారులో ఆ సంగతి జరిగింది ఆ రోజుల్లోనే. ఆ పద్నాలుగు రోజులూ ఆమె కలలోనే నడిచింది. మనామా మేడలు పాలల్లో పటికబెల్లంలా కరిగిపోయేవి... వీధిదీపాలు బంతిపూలలా విచ్చుకునేవి... సముద్రమేదో ఆకాశమేదో తెలిసేది కాదు. అంత అందంలోనూ భర్త ముఖం మాత్రం పొగమంచే!

పదిహేనోనాడు డాక్టర్ లక్ష్మిప్రసన్న తెరమీద రంగురంగుల పటం చూపించింది. “నల్లగుడ్డు మీది పొర మీకు మరీ పలచగా ఉందమ్మా. లేజర్ చెక్కేది ఆ పొరనే. చేస్తే ఉన్న చూపూ పోవచ్చు, నేను చెయ్యను. పొద్దస్తమానం లెన్సులూ వద్దు. హాయిగా జోడు పెట్టుకోండి.”

అయిపోయింది! దాక్కోవడానికి ఇక చోటు లేదు... పక్క కొట్టులో అప్పటికప్పుడు చేయించిన జోడుతోనే ఇల్లు చేరింది. ఊరినుంచి వచ్చి నెలరోజులుగా ఉంటున్న అత్తగారు విజయరాణి తలుపు తీసి నోరెళ్ళబెట్టింది.

“మిమ్మల్ని మోసం చేశామండీ... పెళ్ళిచూపులనాడు అమ్మ నా జోడు దాచేసింది. మొన్న మీరు నాకు నిజంగానే కనబడలేదు! పొమ్మంటే పోతాను...” భర్త ముందు వెక్కివెక్కి ఏడ్చింది మధులిక.

“ఎక్కడికే పోయేది?” విజయరాణి కోడలి చెయ్యి పట్టుకుంది. “మీ అమ్మ కళ్ళు దాచింది, నేను చెవి దాచాను! చిన్నప్పుడు చీముపట్టి వీడి ఎడమచెవి పోయింది. నీకు చెప్పొద్దని నామీద ఒట్టు వేయించుకున్నానే తల్లీ! మేమిద్దరం సరిపోయాం, వియ్యపురాళ్ళం!”

మధులికకు ఒక్కసారిగా తట్టింది. ఇండియా వెళ్ళినప్పుడు కారు నడుపుతూ రాయిలా కూర్చునే మనిషి, బహ్రెయిన్‌లో కారెక్కగానే గలగలా మాట్లాడేది ఇందుకా! ఇక్కడ స్టీరింగు ఎడమవైపు... తన మాటలు పడేది ఆయన కుడిచెవిలో!

“పలకలేదని అలిగేదానివి. వినబడేది కాదు మధూ...” జస్వంత్ తల దించుకున్నాడు. “చెబితే నీ దగ్గర చులకనైపోతానేమోనని...”

ఆమె మెల్లగా లేచి అతని కుడిపక్కకు వచ్చింది. వంటింట్లో, పక్కమీద ఎన్నిసార్లో అడిగి, జవాబు రాక దిండు తడుపుకున్న మాటను చెవి దగ్గర పెదవులు పెట్టి అడిగింది.

“నేనంటే మీకు ఇష్టమేనా అండీ?”

జస్వంత్ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

“ఇదా... ఇన్నాళ్ళూ నువ్వు అడిగింది?” ఆమె చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. “ఇష్టమే మధూ! ఇంకోసారి అడుగు...”