గడియారం సారు రాసిచ్చిన ఏడు పేర్లు

ఆదివారమైనా సరే పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చోవడం ఆయన అలవాటు. సెలవురోజున ఈ ముస్తాబు ఎవరికోసమని భార్య ఆటపట్టిస్తే, "ఒక్కరోజు బద్ధకిస్తే సోమవారం ఒళ్ళు వంగదే" అనేవాడు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నాలుగో లైనుకు ఇరవై ఆరేళ్ళుగా ఆయనే సూపర్‌వైజరు. ఇన్నేళ్ళలో ఒక్క నిమిషం ఆలస్యంగా గేటు దాటి ఎరగడు. లైనులో ఆడవాళ్ళు వెనకాల గడియారం సారు అని నవ్వుకుంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతాడు కూడా.

ఆ వేళ మాత్రం చేతిలో టీ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు. ఎదురుగా నేలమీద కూతురు క్లాసుకు తీసుకెళ్ళాల్సిన చార్టులు సర్దుకుంటోంది.

"టీ తాగు నాన్నా. దానిక్కూడా ఎవరైనా బెల్లు కొట్టాలా?" అంది నవ్వుతూ.

మామూలుగా అయితే ఆయన దానికి రెండు జవాబులు చెప్పేవాడు. ఇవాళ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అమ్మాయిది డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీలో మానవ హక్కుల శిక్షణ అని ఒకటి పెడితే చేరింది. నేర్చుకున్న ప్రతివాళ్ళూ తమ వీధిలో పదివారాలు ఆ క్లాసు నడపాలన్నది అక్కడి షరతు. వీధి చివర లైబ్రరీ మేడమీద గది అడిగి తీసుకుంది. ఆదివారం పదింటికల్లా వీధిలోని కాలేజీ పిల్లలూ, ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళూ వచ్చి కూర్చునేవాళ్ళు. మొదట్లో గడియారం సారు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "మా అమ్మాయి హక్కుల టీచరమ్మండీ" అని గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ చెప్పుకున్నాడు. హక్కులంటే ఎక్కడో జైళ్ళ గురించీ, యుద్ధాల గురించీ మాట్లాడుకునే పెద్ద పెద్ద సంగతులని ఆయన అభిప్రాయం. అవి నడుచుకుంటూ తన లైను దాకా వస్తాయని కలలో కూడా అనుకోలేదు, పాపం.

మూడో క్లాసులో అమ్మాయి తలా ఒక చార్టు ఇచ్చింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ రోజును గీయండి, మీ ఒంటికి కావలసినదాని కోసం ఎక్కడ ఇంకొకరి అనుమతి అడగాల్సి వస్తుందో అక్కడ ఎర్రచుక్క పెట్టండి అంది. కుట్టుపని ఆడవాళ్ళందరి చుక్కలూ ఒకేచోట పడ్డాయి. ఇత్తడి బిళ్ళ దగ్గర.

ఆ బిళ్ళ గడియారం సారు తెలివే. ఆయన బల్ల పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. లైనులో నలభైమంది, బిళ్ళ ఒక్కటే. బాత్రూముకు వెళ్ళాల్సిన మనిషి అందరి ముందూ లేచొచ్చి అది తీసుకెళ్ళాలి. తిరిగి తగిలించేదాకా ఇంకొకరు లేవకూడదు. అదీ షిఫ్టుకు మూడుసార్లే. ఎవరు ఎన్నిసార్లు వెళ్ళారో ఆయన రిజిస్టరులో టిక్కు పెడతాడు. ఇరవై మూడేళ్ళ కిందట ఇది కనిపెట్టినందుకు మేనేజరు ఆయన భుజం తట్టాడు. తరవాత మిగతా లైన్లలోనూ పెట్టారు.

క్లాసు అయిన వారంలోనే బిళ్ళ తీసెయ్యమని మేనేజరుకు ఒక అర్జీ వెళ్ళింది. కింద "నాలుగో లైను ఆడవాళ్ళు" అని తప్ప ఒక్క పేరూ లేదు. మేనేజరు గడియారం సారును పిలిచి, "ఎవరెవరో కనుక్కోండి. ఊరికే మందలించి వదిలేస్తాం" అన్నాడు. గురువారం కూతురు కాలేజీకి వెళ్ళాక ఆయన సొంత ఇంట్లోనే దొంగలా ఆమె గదిలో దూరాడు. చార్టులు విప్పి, వెనకవైపు ఉన్న పేర్లు కాగితం మీద రాసుకున్నాడు. తన లైనువాళ్ళవి ఏడు తేలాయి. ఎనిమిదో చార్టు మీద పేరు లేదు, అక్షరం ముక్క లేదు. ఒక గడియారం ముఖం, దాని చుట్టూ ఎర్రచుక్కలే చుక్కలు. ఇదెవరో మరీ గడుసుది అనుకుని పక్కన పడేశాడు. శుక్రవారం ఆ కాగితం మేనేజరు చేతిలో పెట్టాడు. శనివారం షిఫ్టు అయ్యాక ఏడుగురినీ ఆఫీసుకు పిలవడం చూశాడు. మందలింపేలే అని తనకు తాను చెప్పుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికొచ్చేశాడు.

తలుపు చప్పుడైంది. తీస్తే బొత్తాలక్క.

లైనులో పద్దెనిమిదేళ్ళుగా బొత్తాలు కుట్టే మనిషి ఆమె. అందుకే వీధంతటికీ బొత్తాలక్క అయింది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. అలాంటిదానికి ఇవాళ కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"సెలవురోజున వచ్చానని ఏమనుకోకండి సార్. మమ్మల్ని రేపట్నుంచి రావద్దన్నారు. ఏడుగురిని. మీమీద మేనేజరుకు గురి. మీరొక్క మాట చెప్తే వింటాడు."

గడియారం సారు కుర్చీ చూపించాడు. "కూర్చో" అని మాత్రం అనగలిగాడు.

"కూర్చునే ఓపిక లేదు సార్. అర్జీ మీద ఒక్క పేరూ రాయలేదు కదా! మరి మా ఏడుగురి పేర్లూ ఎవడు మోశాడో, వాడి నోట్లో మన్ను పడ! పోనీ సరిగ్గానైనా చెప్పి ఏడ్చాడా? అర్జీ రాసింది క్లాసుకే రాని కాలర్లు కుట్టే పిల్ల. దాని జోలికే పోలేదు. మా పక్కింటి చిన్నదాన్ని తీసేశారు. దానికి అర్జీ సంగతే తెలీదు. ఆ వారమంతా జ్వరంతో మూలుగుతూ పడుంది."

కూతురి చేతులు ఆగిపోయాయి. "ఎవరెవరు అక్కా, ఆ ఏడుగురూ?"

బొత్తాలక్క వేళ్ళు ముడుస్తూ చెప్పింది. ఒక్కో పేరుకూ అమ్మాయి ఒక్కో చార్టు వెనక్కి తిప్పి చూసింది. ఏడోది తిప్పాక తలెత్తి తండ్రి వైపు చూసింది. ఆయన చూపులు నేలమీదే ఉన్నాయి.

"అక్కా, మీరు లైబ్రరీకి వెళ్ళి ఉండండి. నేను వచ్చి అంతా చెప్తాను. ఏదీ దాచను" అంది నెమ్మదిగా. ఆమె అటు వెళ్ళగానే తలుపు దగ్గరగా వేసింది.

"నా గదిలోకి వచ్చావా నాన్నా?"

"ఊరికే మందలిస్తామన్నాడమ్మా..."

"వచ్చావా, రాలేదా?"

"వచ్చాను."

"వెనక పేర్లు రాయమన్నది నేను. క్లాసు గది దాటి ఎవరికీ చూపించనని వాళ్ళకు మాటిచ్చింది నేను. లైబ్రరీలో పెడితే ఎవరైనా చూస్తారని ఇంటికి తెచ్చుకున్నాను నాన్నా. మన ఇంటికి!"

తప్పు చేసినవాడికి కోపం ముందొస్తుంది కాబోలు, ఆయన ఒక్కసారిగా లేచాడు.

"చాల్లే ఊరుకో! నాలుగు క్లాసులు చెప్పేసరికి తండ్రిని నిలదీసేంత అయ్యావా? నలభైమందిని నడిపితే తెలుస్తుంది! నేనెవరికీ అన్యాయం చెయ్యలేదు. అందరికీ ఒకటే రూలు. మీ అమ్మ నా లైనులో పనిచేసిన రోజుల్లో మీ అమ్మకే నాలుగోసారి బిళ్ళ ఇవ్వలేదు. అడుగు, అదిగో అక్కడే ఉందిగా!"

ఈ కథ ఆ ఇంట్లో కొత్తదేమీ కాదు. చుట్టాలొచ్చినా, ఫ్యాక్టరీలో కొత్త సూపర్‌వైజరు చేరినా ఆయన ఇదే చెప్పేవాడు. కడుపుతో ఉన్న సొంత భార్య నాలుగోసారి వస్తే రిజిస్టరు చూపించి వెనక్కి పంపానని. విన్నవాళ్ళు "అబ్బో, నిఖార్సైన మనిషండీ" అనేవాళ్ళు. భార్య అందరికీ టీలు అందించి లోపలికి వెళ్ళిపోయేది. ఆమె ఎందుకు వెళ్ళిపోయేదో ఆలోచించాలని ఆయనకు ఒక్కసారీ తోచలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చింది.

"దాన్ని అడగమనడం ఎందుకు, నేనే చెప్తాను. పేరు లేని చార్టు ఒకటుందే, అది నాది."

"నీదా? నువ్వు క్లాసుకెళ్తున్నావా? ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచీ. కూరగాయలకని చెప్పి వెళ్ళేదాన్ని. రెండు గంటలేం కొంటున్నావని మీరూ అడగలేదు." ఆమె కుర్చీ అంచున కూర్చుంది. "మీరు వెనక్కి పంపిన రోజు తరవాత నేను మళ్ళీ నాలుగోసారి వచ్చానా? రెండోసారి కూడా రాలేదు. మీ రిజిస్టరులోనే ఉండుంటుంది, చూసుకోలేదేం? నలుగురిలో సిగ్గుతో చచ్చిపోయాను. నీళ్ళు తాగడం మానేశాను. ఆపుకుని ఆపుకుని మంట, ఆపైన జ్వరం. ఏడో నెలలోనే బిడ్డ వచ్చేసింది. ఒక్క పూట ఉంది."

"అమ్మా..." అంది కూతురు. తనకన్నా ముందు ఒక అక్క పుట్టి పోయిందని తెలుసు కానీ ఈ సంగతి తెలియదు.

"ఆపుకునేదానివా, నీళ్ళు తాగేదానివి కావా అని డాక్టరమ్మ అడిగింది. అందుకేనా అంటే, అయుండొచ్చు అంది. మీరు పక్కన లేరు. షిఫ్టుకు టైమైందని వెళ్ళిపోయారు."

గడియారం సారు మెల్లిగా కుర్చీలో కూలబడ్డాడు. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు. ఆ మాట ఆయనకే వినిపించీ వినిపించనట్టుంది.

"ఎవరికి చెప్పను? కష్టం చెప్పుకోవాల్సిన మొగుడూ మీరే, రిజిస్టరు పట్టుకుని కూర్చున్నదీ మీరే. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోలేదు, తప్పు నాదేనని ఇన్నేళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నాను. అది నేను అడుక్కోవాల్సింది కాదని, నాకు ఉండాల్సిందేనని అమ్మాయి క్లాసులో కూర్చున్నాకే తెలిసింది. నా కడుపున పుట్టిన పిల్ల చెప్పాల్సి వచ్చింది. ఈ క్లాసు ఇరవై రెండేళ్ళ ముందు ఎవరైనా పెట్టి ఉంటే!"

ఆమె ఏడవలేదు. ఆయనే ఏడ్చాడు. చొక్కా ఇస్త్రీ నలిగిపోయేలా రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎన్ని ఇళ్ళలో, ఎంతమంది ముందు ఆ కథ గొప్పగా చెప్పుకున్నాడో ఒక్కొక్కటే గుర్తొస్తుంటే సిగ్గుతో ఒళ్ళు కుంచించుకుపోయింది. ఆయన్ని ఓదార్చడానికి ఎవరూ దగ్గరకు రాలేదు. కాసేపటికి కూతురు చార్టులు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయింది. చెప్పినట్టే ఏదీ దాచకుండా, పేర్లు ఎవరు మోశారో ఆ ఆడవాళ్ళకు చెప్పి, మాట నిలబెట్టుకోలేకపోయినందుకు తనే క్షమాపణ అడిగింది.

సోమవారం ఆయన ఒక ఉత్తరం రాసుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాడు. ఆ పేర్లు దొంగతనంగా తీసినవని, ఆ ఏడుగురి తప్పేమీ లేదని, బిళ్ళ తన ఆలోచనేనని, అది తప్పుడు ఆలోచనని అందులో ఉంది. దాంతోపాటు మేకు నుంచి తీసిన బిళ్ళ కూడా బల్లమీద పెట్టాడు.

"మీకేమైందండీ? ఇంట్లో ఏమన్నా గొడవా?" అన్నాడు మేనేజరు.

"ఇంట్లో గొడవ ఇరవై రెండేళ్ళ కిందట కావాల్సింది సార్. ఇంకో కాపీ లేబర్ ఆఫీసులో ఇచ్చి వచ్చాను" అన్నాడాయన.

అక్కడితో అన్నీ చక్కబడ్డాయని చెప్పడానికి ఇదేం సినిమా కాదు. లేబర్ ఆఫీసు నుంచి మనిషి వచ్చి వెళ్ళాక బిళ్ళలు తీసేశారు. ఏడుగురిలో ముగ్గురిని వెనక్కి పిలిచారు, అందులో బొత్తాలక్క ఒకతె. మిగతా నలుగురి సంగతి చూద్దామన్నారు. జ్వరంతో పడుకున్న ఆ చిన్నది ఆ నలుగురిలోనే ఉండిపోయింది. గడియారం సారును లైను నుంచి తప్పించి గోడౌనులో అట్టపెట్టెల దగ్గర వేశారు. అది తనకు తక్కువ శిక్షేనని ఆయనకు అనిపించింది. ఇంట్లో భార్య వేళకు అన్నం పెడుతూనే ఉంది, కూతురు అడిగినదానికి బదులిస్తూనే ఉంది. అంతకు మించి మాటల్లేవు.

ఇదంతా అయిన తరవాత ఒక ఆదివారం ఆయన లైబ్రరీ మెట్లెక్కి గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపల ఇరవైమంది దాకా ఉన్నారు. అందరి తలలూ ఇటు తిరిగాయి. వెనక వరసలో ఆయన భార్య ఉంది.

"నేనూ కూర్చోవచ్చా?" అన్నాడు.

"నన్ను కాదు నాన్నా, వాళ్ళని అడగాలి" అంది కూతురు.

ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి బొత్తాలక్కే లేచింది.

"మీ ఉత్తరం సంగతి విన్నాం సార్. మంచిపనే, కాదనను. కానీ మా చిన్నది ఇంకా ఇంట్లోనే ఉంది. రోజూ దాని ముఖం చూస్తున్నాను. మీరు ఎదురుగా కూర్చుంటే మాకు నోరు పెగలదు. ఇవాళ్టికి వద్దు సార్."

"సరే అక్కా" అన్నాడాయన. తన లైనులో మనిషిని అక్కా అని పిలవడం అదే మొదలు. తలుపు తనే దగ్గరగా లాగి, బయట మెట్టు మీద కూర్చున్నాడు.

కాసేపటికి లోపల ఒక్క గొంతే వినపడసాగింది. అది భార్యదని పోల్చుకోవడానికి ఆయనకు కొంచెం టైము పట్టింది. అంతసేపు ఆగకుండా ఆమె మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు. మాటలు స్పష్టంగా తెలియడం లేదు. తలుపుకు చెవి ఆనిస్తే తెలిసేవే. ఆనించలేదు. తనకు మొట్టమొదట చెప్పాల్సిన మాటలు ఇరవైమందికి చెప్పుకుంటోంది, అలా చేసింది తనేనని అర్థమై, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

క్లాసు అయిపోయి అందరూ పక్కనుంచి దిగి వెళ్ళిపోయారు. కూతురు ఒక్క క్షణం ఆగి, తండ్రి భుజం మీద చెయ్యి వేసి తీసి, దిగిపోయింది. ఆఖరున భార్య వచ్చి అదే మెట్టు మీద, కొంచెం ఎడంగా కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పాప గురించి చెప్పావా?"

"ఊఁ."

"నేను దాన్ని సరిగ్గా చూడనన్నా లేదే" అన్నాడు. "నాకూ చెప్తావా?"

ఆమె వీధి వైపు చూసింది.

"మధ్యలో అడ్డు రాకూడదు."

"రాను."

"ఏడవకూడదు."

"అది మాత్రం నా చేతుల్లో లేదే."

ఆమె కొంచెం దగ్గరగా జరిగింది.

"ముక్కు అచ్చం మీదే" అని మొదలుపెట్టింది.