బ్రేకు లేని బండి

ఆ ఆదివారం పొద్దున నర్సింహులు మనసు కుదుటపడింది. హిమాయత్‌నగర్ నుంచి చేవెళ్లకు షేర్ ఆటో తోలే మనిషి. అతనికి దేవుడి తర్వాత దేవుడు బ్రేకే. అలాంటివాడి కడుపున పుట్టిన వర్షితకేమో స్పీడ్‌వే పిచ్చి పట్టింది. మట్టి ట్రాక్ మీద నాలుగు బండ్లు గిరగిరా తిరిగే పందెం అది. ఆ బండ్లకు బ్రేకులే ఉండవు. ఇంగ్లాండ్ కుర్రాళ్ల వీడియోలు చూసి మొదలుపెట్టిన పిల్ల, ఇవాళ మోకిల దగ్గర గెలిస్తే ఇంగ్లాండ్ క్లబ్బులో శిక్షణకు వెళ్తుంది.

వద్దని చెప్పి చెప్పి నర్సింహులు నోరు నొప్పి పుట్టింది. అందుకే నిన్న ఆమె ఇంట్లో లేనప్పుడు మెకానిక్ గణేష్‌ను పిలిపించి, ఆమె బండికి కుడికాలి కింద కనపడకుండా ఒక బ్రేకు పెట్టించి, పైన టార్పాలిన్ కప్పేశాడు. ఆపదలో కాలికి అదే తగులుతుందిలే అనుకున్నాడు.

"బ్రేకు లేకుండ మలుపుల ఎట్లనే?" అంది తల్లి అంతమ్మ, బిడ్డకు రొట్టె వేస్తూ.

"ఎడమకాలు నేల మీద రాస్త అవ్వా. బరువంత కుడికాలి మీదనే ఉంటది. బ్రేకుంటేనే డేంజర్. మొన్న పందెంల మహేష్ బండి మలుపుల ఒక్కసారి ఆగింది. వెనకోడు మీదికెక్కిండు. మహేష్ ఇంక దవాఖానలనే ఉన్నడు."

నర్సింహులు నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. వాకిట్లో ట్రాలీ ఆటో హారన్ కొట్టింది. వర్షిత హెల్మెట్ తీసుకుని లేచింది. చెప్తే బిడ్డ మళ్లీ తన మొహం చూస్తుందో లేదో. చెప్పకపోతే తనకు చూడటానికి బిడ్డే ఉండదు.

"ఆగు బిడ్డా. బండికి బ్రేకు పెట్టించిన," అన్నాడు.

వర్షిత వాకిట్లోకి వెళ్లి, టార్పాలిన్ లాగి, బండి పక్కన కూర్చుని చూసింది. లేచేసరికి ఆమె మొహం తెల్లబోయి ఉంది.

"మొదటి మలుపులనే తొక్కుతుంటి బాపు. వెనక ముగ్గురొస్తరు. ఒక్క మాట అడగొద్దా నన్ను?"

"అడిగితే పెట్టనిస్తవా?"

"నా బండి మీద చెయ్యేసినవ్. ఇంక నిన్నెట్ల నమ్మాలె?"

అంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సింహులు అరుగు మీద కూలబడ్డాడు. "నీకు భయం లేదు బిడ్డా. నీ భయం గూడ నేనే పడుతున్న," అన్నాడు.

"భయం లేదని ఎవరు చెప్పిన్రు? పందెం మొదలుల గేటు లేచే ముందు నా చేతులు వణుకుతయి. మీకు చెప్తే ఆపుతరని చెప్పలే."

ఇన్నాళ్లూ పొగరనుకున్నది పొగరు కాదని అతనికి అప్పుడు తెలిసింది. ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకే భయం దాచుకుని బతికారు. అతను కళ్లు తుడుచుకుని, ఆటోలోంచి పానా తెచ్చి, ఒక్కో నట్టూ విప్పాడు. ఊడిన చోటల్లా వర్షిత వేలితో తడిమి చూసుకుంది. ఆ పని ఆమె చేసినంతసేపూ అతను తల ఎత్తలేదు.

బండి ట్రాలీ ఎక్కింది. అతను ఆమె పందెం ఒక్కటి కూడా ఇంతవరకు చూడలేదు.

"నువ్వు గూడ రా బాపు," అంది వర్షిత.

నర్సింహులు చెప్పులు వేసుకున్నాడు. "వస్త. నా దిక్కు మాత్రం చూడకు బిడ్డా, ముంగట జూసుకో."