ఇనుము లేని పాక

పిల్లలూ, గోపి మావయ్య ఎక్కడ కూర్చున్నా పక్క కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడెందుకని మీరు చాలాసార్లు అడిగారు. ప్రతిసారీ నేను మాట మార్చేశాను. పూణేలో పుట్టి పెరిగిన మీకు విశాఖ దగ్గర పద్మనాభం పొలాలు తెలియవు, అక్కడి పాకా తెలియదు. కానీ మీరిప్పుడు కాగితాల మీద సంతకాలు పెట్టే వయసుకొస్తున్నారు. అందుకని వినండి.

సముద్రంలో నూనె బావి తవ్వేటప్పుడు గొట్టం తిన్నగా కిందికే దిగదు. కావలసిన వైపుకు వంచుకుంటూ పోతారు. నేల లోపల రెండు మైళ్ల అడుగున అదెటు తిరిగిందో పైనున్న వాళ్లకి కనపడదు. గొట్టం కొసన బిగించిన టూల్ ఒక్కటే చెబుతుంది. అదొక రకం దిక్సూచి. సముద్రంలో బావి తవ్వే రిగ్గుల నుంచి పెందుర్తి వర్క్‌షాపుకు తిరిగొచ్చిన ప్రతి టూల్‌నీ సరిచూసి మళ్లీ పంపాలి. ఆ పని గోపిది.

దగ్గర్లో ఇనుముంటే టూల్ తప్పు చెబుతుంది. పోర్టు, రైలు పట్టాలు, ఉక్కు ఫ్యాక్టరీ... విశాఖలో ఇనుము లేని చోటెక్కడ? చివరికి పద్మనాభంలో వరిచేల మధ్య ఒక పాక వేయించారు. చెక్క గోడలు, చెక్క మేకులు, ఇత్తడి గడియ. బల్బు కూడా లేదు. ట్రాక్టర్లు ఆగే మిట్టమధ్యాహ్నమే పరీక్ష. బెల్టు, తాళాలు, ఫోను, చెప్పులు అన్నీ గట్టు మీద చిలకమ్మ తాటాకు బుట్టలో వేసి లోపలికి వెళ్లాలి.

చిలకమ్మ ఆ చేను సొంతదారు. పాకకు కాపలా కూడా ఆవిడే.

"ఏటి బాబూ, మొలతాడు కూడా ఇప్పించేత్తారా మీ కంపినీవోలు?" అంది ఆ రోజు.

"అది నూలుదే చిలకమ్మా. ఉండనీ."

"నవ్వులాట కాదు. ఇనప ముక్క లేకుండా మిట్టమద్దినేల సీకట్లోకి ఎల్తన్నావు. మాకాడ బాలింతరాల్ని తలగడ కింద కత్తెట్టకుండా పడుకోనియ్యం."

గోపి నవ్వి ఫోను బుట్టలో వేయబోతుంటే అది మోగింది. వర్క్‌షాపు చూసుకునే గురునాథరావు.

"బావా, ఆరింటికి ఓడ కదుల్తాది. రిగ్గోలు నా పేణం తీసేత్తన్నారు. నాలుగ్గంటలు కూకోకు. ఎనకోసారి గంటలో తెమిల్చీసినావు కాదా, అలగే సేసీ."

గోపి ఫోను కట్టేసి బుట్టలో పడేశాడు.

ఆ గంటలో తెమిల్చిన రోజు గోపి కూతురు దేవిశ్రీకి స్కూల్లో డాన్సు. టూల్‌ని ఇరవై నాలుగు రకాలుగా తిప్పి చూడాలి. రెండే చూశాడు. మిగతావి పాత కాగితంలోంచి ఎత్తి, చివరి అంకెలు అటూ ఇటూ మార్చి, కింద సంతకం పెట్టాడు. ఆ టూల్ సముద్రంలో మూడు డిగ్రీలు అబద్ధం చెప్పింది. బావి దారి తప్పి, పక్కనే ఉన్న పాత బావిని పొడిచింది. గ్యాస్ తన్నుకొచ్చింది. గొట్టాల దగ్గర పనిచేస్తున్న సూరన్న ఎగిరి నీళ్లలో పడ్డాడు. జాలరిపేట మనిషి. శవం దొరకలేదు. పోర్టు గేటు ముందు అతని భార్య గంగాలమ్మ ఎవరితోనో అంటుంటే గోపి చెవిన పడింది.

"సేపలాగ ఈదే మనిసమ్మా. కాళ్లకి దెబ్బ తగలకుండా ఇచ్చిన ఇనప బూట్లే అడుక్కి లాగీసినాయి."

విచారణలో గోపి కాగితం చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. అది జరిగి నాలుగు నెలలు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. జైలుకే పోవచ్చు. ఇప్పుడు పంపాల్సిన టూల్ కూడా ఆ రిగ్గుకే.

పాక లోపల ఎండిన గడ్డి వాసన. చెక్కల సందుల్లోంచి సన్నటి ఎండ గీతలు. టూల్‌ని ఆ చివర కర్ర దిమ్మ మీద పడుకోబెట్టి, గోపి ఈ చివర తలుపు దగ్గర అంకెలు చూపే తెర ముందు కూర్చున్నాడు. మధ్యన ఐదు బారల దూరం, ఒక తీగ. తెర మీద ఒకే అంకె. చుట్టూ ఇనుము లేకపోతే ఆరువందల దగ్గర నిలబడుతుంది. టూల్ దగ్గరికి ఇనుము వస్తే పెరుగుతుంది.

ఆరువందలు. కదల్లేదు.

కాగితం తీశాడు. మొదటి గడి నింపాడు. లేచి టూల్‌ని తిప్పి రావాలి. లేవలేదు. పాత కాగితం నకలు జేబులోనే ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది.

ఆరువందల ఆరు.

ట్రాక్టరేమో అనుకున్నాడు. చెవి ఒగ్గాడు. చప్పుడు లేదు. కప్పలు కూడా అరవడం లేదు.

ఆరువందల పది... ఎనిమిది... పద్నాలుగు... పదకొండు...

పెరుగుతోంది, కాస్త తగ్గుతోంది, మళ్లీ పెరుగుతోంది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. గోపికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది.

అడుగులు.

ఎవరో ఇనుము తొడుక్కుని పాక చుట్టూ నడుస్తున్నారు. సందుల వైపు చూశాడు. ఎండ గీతలు ఒక్కటి కూడా తెగలేదు. బయట మనిషి నడిస్తే నీడ పడాలి కదా...

"చిలకమ్మా?" అని పిలిచాడు.

ఆరువందల ముప్ఫై. నలభై. అరవై.

ఇక గోడకు అవతల కాదు. లోపలే. టూల్ పక్కనే. ఆ చివర చీకట్లో ఏమీ లేదు. ఉప్పునీళ్ల వాసన. డీజిల్ వాసన. ఏదో బొట్లుబొట్లుగా కారుతున్న చప్పుడు...

తొంభై దగ్గర అంకె ఆగింది. చాలాసేపు ఆగింది.

తర్వాత తగ్గడం మొదలుపెట్టింది. అరవై. ముప్ఫై. పది. గోపి ఊపిరి వదిలాడు. వెళ్లిపోతున్నాడు... వెళ్లిపోతున్నాడు.

ఆరువందలు.

టూల్ దగ్గర ఇప్పుడు ఇనుము లేదు. అంటే టూల్‌కి దూరంగా నడిచింది. ఐదు బారలు... ఇటు.

గోపి పక్కకి తిరగలేదు. ఎడమ భుజం తడిగా, చల్లగా తగిలింది. బొట్ల చప్పుడు చెవి పక్కన.

"సూరన్నా..." అన్నాడు లోగొంతుతో. "రాసేత్తాను. నానే రాసేత్తాను."

జేబులో నకలు తీసి చింపేశాడు. కాగితం వెనక్కి తిప్పి, నాలుగు నెలల కిందట తను చెయ్యని పరీక్ష గురించి ఒక్క అక్షరం దాచకుండా రాసి సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఇరవై నాలుగు సార్లు లేచి వెళ్లి టూల్‌ని తిప్పాడు. గోపి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అంకె తొంభై పెరిగింది. ఒంటి మీద గుండు సూదంత ఇనుము లేదు. అంకె నిలవని ఆ టూల్‌ని పంపడానికి వీల్లేదని రాశాడు. ఓడ అది లేకుండానే వెళ్లింది.

సాయంత్రం గట్టు మీద చిలకమ్మ బుట్ట అందిస్తూ గొణిగింది.

"నీతోటి వచ్చినాయనకి మర్యాద తెల్దేటి? బూట్లు ఇప్పమన్నాను. ఇప్పినా రావన్నాడు."

ఉద్యోగం పోయింది. కేసు ఇంకా నడుస్తోంది. గోపి గంగాలమ్మ ఇంటికి వెళ్లి చెప్పుకుంటే ఆవిడ తిట్టలేదట. అతన్ని చూడనేలేదట. అతని పక్కకి చూసి, కొంగు నోట్లో కుక్కుకుందట.

పోయిన వేసవిలో మావయ్య మనింటికి వచ్చినప్పుడు, చిన్నోడా, నీ బొమ్మ దిక్సూచి పాడైందని ఏడ్చావు. అది పాడవలేదు. మావయ్య ఉన్నన్నాళ్లూ ముల్లు అటే తిరిగింది. మావయ్య వైపు కాదు, పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు.

మావయ్య వెళ్లి ఏడాది కావస్తోంది. నిన్న బల్ల సర్దుతూ దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ముల్లు ఇంకా ఆ కుర్చీనే చూపిస్తోంది. మావయ్యతో పాటు వెళ్లలేదన్నమాట. తెలిసి కూడా ఇన్నాళ్లూ మీకు చెప్పకుండా దాచాను కదా... 

మీరు దాచకండి. సంతకం పెట్టే చెయ్యి ఎవరిదైనా సరే, వాళ్లకి ఈ కథ చెప్పండి.